గెనెం మీద ఆగి అడుగుతున్నాం

కడప జిల్లా పోరుమామిళ్ళ, బద్వేలు చెరువుల కింద భూములున్న రైతులకు, తోటల యజమానులకు బహిరంగ లేఖ

అయ్యలకు, అమ్మలకు నమస్కారం.

నేను ఎలుకలు పట్టేవాళ్ళ ఇంటి బిడ్డను. యానాదులం. మా నాయన మీ చేలల్లో, వాళ్ళ నాయన మీ తాతల చేలల్లో వరికోతలు అయ్యాక గెనాల (పొలం గట్ల) వెంట తిరిగి, కలుగులు తవ్వి బతికినవాళ్ళు. నేను డిగ్రీ చదివి ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ లేఖ రాసింది నేనే అయినా ఇందులో సగం మాటలు మా నాయనవి. ఆయనకు చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక ఒక్కో ముక్క చదివి వినిపిస్తే, "ఇది తీసెయ్యి, ఇది గట్టిగా రాయి" అని చెబుతూ వచ్చాడు.

పోయిన సంక్రాంతికి వారం ముందు జరిగిన సంగతి ముందుగా చెబుతాను. కోతలు అయిపోయి కయ్యలు (వరి మడులు) ఆరాయి. నాయన, చిన్నాయన, మా తమ్ముడు సద్ది కట్టుకొని పొద్దున్నే బయలుదేరారు. నలభై ఏళ్ళుగా నాయన నడిచిన దారే అది. ఆ దారిలో ఒక చేను ఈమధ్య చేతులు మారింది. కొన్నవాళ్ళు చుట్టూ ఇనుప కంచె వేసి గేటు పెట్టారు. ఆ రోజు గేటు తీసే ఉంది. వీళ్ళు లోపలికి పోయి రెండు మూడు కలుగులు తవ్వేలోపు కాపలా మనిషి ఫోన్ చేశాడు. బైకుల మీద నలుగురు వచ్చారు. అంతకు వారం ముందు ఆ పక్కన ఎవరో మోటారు వైరు కోసుకుపోయారట. "అది మీ పనే కదా" అన్నారు. తమ్ముడి చేతిలోని సంచి బోర్లించారు. ఏడు ఎలుకలు, రెండు దోసిళ్ళ వరి వెన్నులు. "చూడండి, మా వడ్లు కూడా ఎత్తుకుపోతున్నారు" అంటూ వీడియో తీశారు. గడ్డపార లాక్కున్నారు. మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టారు. పక్క చేను రైతు వచ్చి "వీళ్ళు నాకు తెలిసినవాళ్ళే, వదిలెయ్యండి" అన్నాక వదిలారు. కొట్టలేదు. ఆ మాట కూడా రాయమన్నాడు నాయన. కానీ ఆ వీడియో తిరిగి తిరిగి మా తమ్ముడి కాలేజీ పిల్లల ఫోన్లలోకి చేరింది. వాడు పది రోజులు కాలేజీకి పోలేదు. నాయన ఆ తరవాత మళ్ళీ ఏ చేలోకీ పోలేదు.

అడగకుండా లోపలికి పోవడం మా తప్పే. దాన్ని కప్పిపుచ్చను. "అడగడానికి అక్కడ మనిషి లేడమ్మా" అంటాడు నాయన. నిజమే. పాత రైతు ఇల్లు మాకు తెలుసు, ఆయన పలకరింపు తెలుసు. కొత్త యజమాని ఎక్కడో పట్నంలో ఉంటాడు. ఆయన పేరేమిటో, ఫోన్ నంబరేమిటో గేటు మీద ఉండదు. అడుగుదామంటే ఎవర్ని అడగాలి?

ఈ లేఖ దాని గురించే. మీ చేలలోకి రావడానికి మాకు మీ అనుమతి కావాలి. ఆ అనుమతి అడిగే దారి, మీరు ఇచ్చే దారి రెండూ మూసుకుపోతున్నాయి. వాటిని మళ్ళీ తెరవండి అని అడుగుతున్నాను.

భూమి మీది. అందులో వాదన లేదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం అడవిలో తేనె, పండ్లు, గడ్డలు తెచ్చుకోవడానికీ, అక్కడి నీళ్ళలో చేపలు పట్టుకోవడానికీ గిరిజనులకు హక్కు రాసిచ్చింది. వేటను మాత్రం ఆ హక్కుల్లో చేర్చలేదు. సరే, అది అడవి సంగతి. మా ఇంటి కూడు అడవిలో కంటే మీ చేలలోనే ఎక్కువ దొరికింది. అక్కడికి వచ్చే హక్కు మాకు ఏ చట్టమూ ఇవ్వలేదు. మీరు "రా" అంటే పనివాళ్ళం, ఆ మాట లేకపోతే దొంగలం. ఆ ఒక్క మాట మీద నాలుగైదు తరాలు బతికాం.

ఆ మాట ఎలా దొరికేదో నాయన చెబితే రాస్తున్నాను. కోతలకు ముందే నాయన ఊళ్ళోకి పోయి రైతు ఇంటి అరుగు దగ్గర నిలబడేవాడు.

"సామీ, కోత ఎప్పుడు?"

"మంగళవారం. ఏం రా, పోయినసారి గెనెం తవ్వి అట్లే పెట్టి పోయినావు. నీళ్ళు నిలిస్తే ఒట్టు."

"ఈసారి తొక్కి పూడ్చి పోతా సామీ."

"పూడ్చాలి మరి. పై కయ్యలో పందికొక్కులు చెలరేగినాయి. ముందు అక్కడ చూడు."

అంతే. దాన్నే అనుమతి అనేవాళ్ళు. అందులో ఎప్పుడు రావాలో ఉంది, ఎక్కడ తవ్వాలో ఉంది, పని అయ్యాక ఏం చేసి పోవాలో ఉంది. ఆ ఇంటి అమ్మ ఎండుమిరపకాయలో, ఊరగాయో ఇచ్చి పంపేది. అయితే ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పడం లేదు. మాకు నీళ్ళు దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్ళు. ముసలాయన్నైనా "ఏం రా" అనేవాళ్ళు. అవి తిరిగి తెమ్మని ఎవరు అడుగుతారు? రైతు తన నోటితో "వచ్చి తవ్వుకో" అని చెప్పే పద్ధతి, మేం "పూడ్చిపోతా" అని ఒప్పుకొనే పద్ధతి, ఆ రెండూ తిరిగి కావాలని మాత్రమే అడుగుతున్నాను.

మేం చేసే పని ఏమిటో మీలో చాలామందికి తెలియదు. పాత రైతులకు తెలుసు. కొత్తగా భూములు కొన్నవాళ్ళకు, పట్నంలో ఉండి తోటలు చూసుకొనేవాళ్ళకు తెలియదు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

చేలో కన్నాలు ఎన్నో ఉంటాయి. అన్నిట్లో ఎలుక ఉండదు. కన్నం ముందు మట్టి కుప్ప తాజాగా ఉందా, ఎండిపోయి పొడి రాలుతోందా అన్నది నాయన మొదట చూస్తాడు. మట్టిని వేళ్ళతో నలిపి తడి చూస్తాడు. పందికొక్కు లోపల ఉంటే కన్నానికి లోపలి నుంచి మట్టి బిరడా వేసుకుంటుంది. సాలెగూడు అల్లి ఉంటే ఖాళీ కలుగు. అంచులు నున్నగా రాసుకుపోయి ఉంటే పాము ఉండొచ్చు, అక్కడ చెయ్యి పెట్టడు. ఒక కలుగుకు నాలుగైదు దారులు ఉంటాయి. గెనెం అటువైపు కూడా ఒకటి తేలుతుంది. అవన్నీ వెతికి మట్టితో మూసి, ఒకటి రెండు మాత్రం వదిలిపెడతారు. ఒక దగ్గర పొగ, ఇంకో దగ్గర చెయ్యి.

పొగకు చిన్న మట్టి కుండ వాడతాం. కుండలో వరిగడ్డి, పచ్చి ఆకులు కుక్కి నిప్పు వేస్తారు. కుండ నోటిని కన్నానికి ఆనించి చుట్టూ బంకమట్టి మెత్తుతారు. కుండ అడుగున ఉన్న చిల్లుకు నోరు పెట్టి ఊదుతారు. చెప్పడానికి సులువే. ఊదేవాళ్ళ పెదవులు కాలతాయి, పొగ గొంతులోకి పోతుంది. మా అవ్వకు చివరి రోజుల్లో ఉన్న దగ్గు ఆ పొగదే అని మా ఇంట్లో అందరి నమ్మకం. తమిళనాడులో ఇదే పని చేసే ఇరుళలకు చేత్తో తిప్పే ఇనుప పొగ యంత్రాలు తయారుచేసి ఇచ్చారు, అక్కడ నోటితో ఊదే బాధ తప్పింది. మా ఇంట్లో ఇప్పటికీ కుండే.

పొగ నిండాక ఎలుక వదిలిన దారి వైపు పరిగెత్తుతుంది, లేదా లోపలే సొమ్మసిల్లుతుంది. అప్పుడు గడ్డపారతో సొరంగం వెంట తవ్వుకుంటూ పోతారు. ఒక మూల గూడు, ఇంకో మూల ధాన్యం గది. వెన్నులు కొరికి తెచ్చి చక్కగా పేర్చినట్టు దాచుకుంటుంది. కిలో, రెండు కిలోల వడ్లు దొరికిన కలుగులు నేనే చూశాను. చిన్నప్పుడు ఆ వడ్లు ఏరి బుట్టలో వేసుకోవడం మా పిల్లల పని. సంక్రాంతికి మా ఇంట్లో వండిన అన్నంలో అవి ఎప్పుడూ ఉండేవి.

ఆ వడ్లే పోయినసారి "దొంగతనం" అయ్యాయి కాబట్టి ఇంకో మాట చెప్పాలి. పండించింది మీరు, కొరికి దాచింది ఎలుక. మేం తవ్వకపోతే అవి మీ గాదెకు రావు, మట్టిలోనే పోతాయి. పాత రైతులు "అవి మీవే, తీసుకుపోండి" అనేవాళ్ళు. మీకు అలా ఇష్టం లేకపోతే చెప్పండి, గెనెం మీద కుప్ప పోసి పోతాం. ఎలుకలు చాలు. ముందే చెప్పడం మాత్రం కావాలి.

పొలం ఎలుకను తింటారా అని ముఖం చిట్లించేవాళ్ళకు కోపంతో జవాబు చెప్పను. ఇంటి ఎలుకను, కాలువల్లో తిరిగే ఎలుకను మేం ముట్టం. పొలం ఎలుక మీ వరి తిని పెరిగింది. వరిగడ్డి మంటలో వెంట్రుకలు కాల్చి, గీరి, కడిగి, పసుపు రాసి, ఎర్రగడ్డలు, మిరపకాయలు వేసి మా అవ్వ చేసిన కూర రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. కోడికూర కిలో రెండు వందలు దాటిన రోజుల్లో ఐదుగురు తినే ఇంటికి ఆ కూర ఎంత విలువో లెక్క వేసుకోండి. ఇంగ్లీషువాళ్ళు ఈ జంతువును బాండికూట్ అంటారు. ఆ మాట మన తెలుగు "పందికొక్కు" నుంచే వాళ్ళకు పోయిందని నిఘంటువుల్లో ఉంది. బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. "ఎలకలోళ్ళు" అని మమ్మల్ని వెక్కిరించే పిల్లలు కూడా ఆ ఒక్క క్షణం ఆగి వింటారు.

ఇప్పుడు మందుల గురించి. ఈ భాగం దయచేసి ఆగి చదవండి.

ఎలుకలు పడ్డాయంటే చాలామంది కొట్టుకు పోయి జింక్ ఫాస్ఫైడ్ తెస్తున్నారు. నల్లటి పొడి. నూకల్లో, నూనెతో కలిపి కన్నాల దగ్గర పెడతారు. అది కడుపులోకి పోగానే ఫాస్ఫిన్ అనే విషవాయువు పుడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మనిషికైనా అంతే, కుక్కకైనా అంతే. పైగా ఎలుక తెలివైనది. కొంచెం రుచి చూసి కడుపునొప్పితో బతికి బయటపడిందంటే మళ్ళీ ఆ ఎరను ముట్టదు. అందుకే ముందు రెండు మూడు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేయమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతారు. ఆ ఓపిక ఎందరికి ఉంది? మొదటి రోజే మందు పెడతారు. కొన్ని చస్తాయి, మిగతావి నేర్చుకుంటాయి, నెల తిరక్కుండా మళ్ళీ పిల్లలు పెడతాయి.

రెండోది బ్రోమాడయోలోన్. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందంగా, తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుకను గుడ్లగూబ సులువుగా పట్టుకుంటుంది. జెర్రిపోతు మింగుతుంది. మేం కూడా సులువుగా పట్టుకుంటాం. మాకున్న భయం అదే. పరిగెత్తని ఎలుకను నాయన సంచిలో వెయ్యడు, పక్కన గుంట తీసి పూడ్చేస్తాడు. అయినా ఆ రోజే మందు తిని ఇంకా చురుకుగా ఉన్న ఎలుకను ఎలా గుర్తుపట్టాలి? మూడేళ్ళ కిందట మా పెద్దమ్మవాళ్ళ కుక్క చేలో దొరికిన ఎలుకను తిని సాయంత్రానికి నురగలు కక్కి చచ్చిపోయింది. ఆ ఎలుక మా సంచిలోకి వచ్చి ఉంటే? ఆ రాత్రి మా అమ్మ వండిన కూర ఎవరూ తినలేదు. అంతా తీసుకుపోయి పూడ్చిపెట్టాం.

మందు పెట్టొద్దని శాసించే అధికారం మాకు లేదు. రెండు మాటలు అడుగుతున్నాం. మందు పెట్టే ముందు మమ్మల్ని ఒకసారి పిలవండి. పొగ పెట్టి తవ్వితే తల్లీ పిల్లా కలిసి వస్తాయి, చేలో విషం మిగలదు, గుడ్లగూబ బతుకుతుంది, అది రాత్రంతా మీ తరఫున ఎలుకలు పడుతుంది. అప్పటికే పెట్టి ఉంటే గెనెం మీద ఒక కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టండి. ఆ గుడ్డ కనిపిస్తే మా వాళ్ళు ఆ చేలో అడుగు పెట్టరు. గుడ్డ పీలికే కదా, మా పిల్లల ప్రాణాలు దాని మీద ఉంటాయి.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఎలుకలని చెప్పి వచ్చి కుందేళ్ళకు ఉచ్చులు వేస్తే?" న్యాయమైన ప్రశ్న. మా తాత ఉడుములు పట్టేవాడు, కౌజులకు వలలు వేసేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఉడుము, నెమలి ఆ చట్టంలో మొదటి షెడ్యూలులో, పులి పక్కనే ఉన్నాయి. ఎలుకలను మాత్రం అదే చట్టం 2022 సవరణ దాకా చీడ జంతువుల కింద లెక్కగట్టింది. మా ఇంట్లో ఉడుము వేట ఆగి ఇరవై ఏళ్ళు దాటింది. అన్ని ఇళ్ళల్లోనూ ఆగిందని అబద్ధం చెప్పను. మాలో కొందరు ఇంకా కుందేళ్ళకు ఉచ్చులు వేస్తున్నారు. అలా దొరికినవాణ్ణి మీరు అధికారులకు అప్పగిస్తే మా వాడని మేం అడ్డం రాము. నాయన ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకొని, "ఉండనీ" అన్నాడు.

కానీ రాత్రిళ్ళు బైకుల మీద, జీపుల్లో వచ్చి లైట్లు కొట్టి కుందేళ్ళను వేటాడేవాళ్ళు వేరు. అడవిపందుల కోసం చేల చుట్టూ తీగలు కట్టి కరెంటు వదిలేవాళ్ళు వేరు. వాళ్ళు పగలు మీ అరుగు దగ్గరకు వచ్చి అడగరు. వాళ్ళ వేట ఆకలి తీర్చుకోవడానికి కాదు, మాంసం అమ్ముకోవడానికో, సరదాకో. పందులు వేరుశనగ కాయలు పెళ్ళగించి పోయాక రైతు కడుపుమంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా మేనమామ ఎకరం కౌలుకు చేసి పోగొట్టుకున్నాడు. దానికి చట్టంలో దారి ఉంది. పంటకు నష్టం చేసే అడవిపందుల మీద చర్యకు అటవీ అధికారుల అనుమతి అడగొచ్చు. కరెంటు తీగ మాత్రం పందినీ మనిషినీ వేరు చేసి చూడదు. రాత్రి మోటారు వెయ్యడానికి పోయి ఆ తీగలకు తగిలి పోయిన రైతులు మన సీమలో ఎందరో. అలాంటి తీగ ఉన్నచోట తెల్లవారుజామున ముందుగా కాలు పెట్టేది కూలివాళ్ళు, గొర్రెలకాపరులు, మేమూ. మీ చేలో మీరు కట్టకపోయినా, మీకు తెలియకుండా ఎవరైనా కట్టారేమో ఒకసారి చూసుకోండి.

సంచి, గడ్డపార పట్టుకొని నల్లటి మనిషి నడిచిపోతుంటే "దొంగ" అనే మాట ఎందుకు ముందు వస్తుందో నేను కాలేజీలో చదివి తెలుసుకున్నాను. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఎరుకలవాళ్ళను, యానాదుల్లో కొందరిని ఆ పట్టికలోకి ఎక్కించారు. పుట్టుకతోనే నేరస్థులని. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, హాజరు వేయించుకోవాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మా తాత అప్పటికి చిన్నపిల్లవాడు. చట్టం పోయి డెబ్భై ఏళ్ళు దాటాక ఆయన మనవడి సంచి బోర్లించి వీడియో తీశారు. నాకు బాధ అక్కడ.

ఇదే కడప జిల్లాలో జరిగిన ఇంకో కథ ఉంది. కలివికోడి అని ఒక పక్షి. జెర్డాన్ అనే ఆయన దాన్ని కనుగొంటే, 1848లో బ్లైత్ అనే ఆయన దాని గురించి మొదట రాశాడు. 1900 తరవాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనే అనుకున్నారు. ఎనభైల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వచ్చి ఊళ్ళల్లో పక్షి బొమ్మ చూపించి అడిగారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున, రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టే ఐతన్న రాత్రి దీపం వెలుతురులో ఆ పక్షిని పట్టి తెచ్చాడు. అది కొన్ని రోజులకే చనిపోయింది, అది విచారించాల్సిన సంగతే. కానీ ఆ పక్షి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది, దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్ళు లేని పక్షి ఎక్కడ తిరుగుతుందో ఒక వేటగాడికి తెలుసు. తమిళనాడులో పాములు పట్టే ఇరుళలు 1978లో సహకార సంఘం పెట్టుకొని, పాము విషం తీసి మందుల తయారీకి ఇస్తున్నారు. వాళ్ళలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా నాయనకు పద్మశ్రీ అక్కర్లేదు. ఏ గెనెం లోపల డొల్లగా ఉందో, వచ్చే పంట కాలంలో నీళ్ళు ఎక్కడ కారిపోతాయో ఆయన పాదంతో తొక్కి చెప్పగలడు. ఆ తెలివి మీ చేలకు ఉపయోగపడనివ్వండి.

మా దారులు ఎంత ఇరుకయ్యాయో కూడా చెప్పాలి. పోరుమామిళ్ళలో ఈ చెరువు గురించి చెక్కిన 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పనితో చెరువు కట్టారని అందులో రాశారు. బడిపిల్లలను తీసుకుపోయి చూపించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. చెరువుల్లో చేపలు ఇప్పుడు వేలం పాడినవాళ్ళవి. మేం గాలం వేస్తే తప్పు. వరి కయ్యలు కొన్ని మామిడి తోటలయ్యాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. కోత మిషన్లు వచ్చాక పరిగె ఏరుకోవడం తగ్గింది. గెనాల మీద గడ్డిమందు కొట్టాక గురుగాకు, చెంచలాకు కనిపించడం లేదు. మిగిలింది ఎలుకలే.

మేం ఒప్పుకొనేవి ఇవి. పగటిపూట మాత్రమే వస్తాం, పొద్దు వాలకముందే పోతాం. ముగ్గురికి మించి రాము. కోయని కయ్యలో దిగం. మోటారు, స్టార్టరు, పైపుల దగ్గరకు పోము. మీరు కుక్క వద్దంటే తేము. నిప్పు ఆర్పి, బూడిద మీద మట్టి కప్పి పోతాం. తవ్విన గెనాన్ని పూడ్చి, తొక్కి, మీకు చూపించి పోతాం. మీరు "చాలు, పొండి" అంటే సగం తవ్విన కలుగైనా పూడ్చేసి వెళ్ళిపోతాం.

మిమ్మల్ని అడిగేది ఒక చీటీ. తెల్లకాగితం మీద మీ పేరు, ఫోన్ నంబరు, "ఫలానావాళ్ళు ఫలానా తేదీల్లో నా చేలో ఎలుకలు పట్టుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం, సంతకం. నాయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని జేబులో వేసుకుంటాడు. కాపలా మనిషి ఆపితే చూపిస్తాడు. పట్నంలో ఉండేవాళ్ళు గేటు మీద ఫోన్ నంబరు రాయించండి, నేను ఫోన్ చేసి అడుగుతాను. వద్దంటే వద్దనే చెప్పండి. వద్దన్న చేలోకి మా వాళ్ళు ఎవరూ రాకుండా చూసే బాధ్యత నాది. రైతు సేవా కేంద్రంలో పనిచేసేవాళ్ళు ఈ చీటీలు రాయడానికి సాయం చేస్తే ఇంకా మంచిది, కోత తేదీలు వాళ్ళకు ముందే తెలుస్తాయి.

లాక్కున్న గడ్డపార మాకు తిరిగి రాలేదు. దాని కోసం ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వలేదు, ఇవ్వబోము. నా జీతంలోంచి కొత్తది కొన్నాను. తలుపు మూల ఆనించి ఉంది, దాని మొన మీద రంగు ఇంకా పోలేదు. నాయన రోజూ దాన్ని చూస్తాడు, ముట్టడు.

ఈ ఏడు చెరువుల కింద నాట్లు పడ్డాయి. కోత ఎప్పుడో మాకు కబురు పెట్టండి. మరునాడు పొద్దున ఏడింటికి గెనెం దగ్గర ఉంటాం. మీరు పిలిచేదాకా లోపలికి అడుగు పెట్టం.

ఇట్లు,
పోరుమామిళ్ళ చెరువు కింది ఒక యానాది ఆడబిడ్డ